ఫ్లెక్సీ మీద పిల్ల

లాస్య కరెంటు స్తంభం మీద నవ్వుతోంది.

పాల ప్యాకెట్లు కొని వెనుదిరిగిన సమ్మమ్మ ముందు ఆ నవ్వునే గుర్తుపట్టింది. పై పన్ను ఒకటి కాస్త విరిగిన నవ్వు. ఆ తర్వాత గౌను. పసుపుపచ్చ గౌను భుజం దగ్గర ఊడిపోతే ఇంట్లో ఆ రంగు దారం లేక తెల్లదారంతోనే కుట్టింది తను. ఫ్లెక్సీలో బొమ్మ ఎంత పెద్దగా వేశారంటే ఆ తెల్లదారం కుట్లు కూడా కనబడుతున్నాయి.

బొమ్మ కింద అక్షరాలున్నాయి. నలభై ఏళ్లు దాటాక మహిళా సంఘంలో పలక పట్టిన మనిషి. ఎంత పెద్ద అక్షరాలైనా సరే, పెదవులు కదపకుండా చదవలేదు.

"కు-మా-రి లా-స్య. తండ్రి సు-ద-ర్శ-న్. స్వస్థలం డో-ర్న-క-ల్. ఎల్కేజీ, కొత్తవాడ బ్రాంచి."

పైన ఎర్రటి అక్షరాల్లో ఇంకో ముక్క ఉంది. ఎక్కడెక్కడి పిల్లలో మా బడినే కోరి వస్తున్నారట.

"ఏందవ్వా గట్ల నిలబడ్డవ్?" పాలబూత్ రాజమల్లు గల్లాపెట్టె మీదుగా తొంగిచూశాడు. "మీ ఇంట్ల ఉండే పోరే కదా! హీరోయిన్ లెక్కున్నది."

"ఎప్పుడు కట్టిండ్రు గిది?"

"నిన్న పొద్దుమీకి. ట్రాలీ ఆటోల తెచ్చి గల్లీ గల్లీకి కట్టిండ్రు. స్టేషన్ రోడ్డు పొంటి గూడ మస్తు కట్టిండ్రట."

సమ్మమ్మ చేతిలో పాల ప్యాకెట్లు చల్లగా ఉన్నాయి. ఒళ్లు మాత్రం భగ్గుమంది.

పనికి పోయే తల్లుల పిల్లల్ని పగటిపూట చూసుకుంటుంది సమ్మమ్మ. లాస్యను మొదటిసారి వదలడానికి వచ్చిన రోజు తల్లి దీప అన్నం వేళలు చెప్పలేదు, నిద్ర వేళలు చెప్పలేదు. చెప్పింది ఒక్కటే. "పెద్దమ్మా, ఈ పిల్ల ఎవలని ఎవలడిగినా చెప్పకు. మేం హైదరాబాద్ల ఉన్నమనుకుంటాండు దీని నాయిన. దొరికితే పిల్లను గుంజుకపోతడు. నన్ను కొట్టుడు సాలక దాన్ని గూడ కొట్టిండు."

ఎవరడిగినా చెప్పలేదు సమ్మమ్మ. చూపించింది.

పోయిన వారం పక్కవీధి ప్రైవేటు బడి నుంచి రమ్య అనే టీచరమ్మ వచ్చింది. ఎండాకాలం సెలవుల్లో టీచర్లంతా ఇల్లిల్లూ తిరిగి పిల్లల్ని పట్టుకురావాలన్నది ఆ బడి ఆజ్ఞ. చెమటతో తడిసి ముద్దయిన ఆ టీచరమ్మ చెంబెడు నీళ్లు ఒక్క గుక్కలో తాగింది. గోడ మీది పిల్లల పేర్లు చూసి, "నువ్వే రాసినవా అవ్వా? చదువొస్తదా?" అంది. అంతే, సమ్మమ్మ పొంగిపోయింది. పిల్లల్ని దవాఖానకు తీసుకుపోవలసి వస్తే ఉండాలని తల్లులు ఇచ్చిపెట్టిన కాయితాల కవరు దూలం మీంచి దించింది. ఆధార్ జిరాక్సులు, పుట్టిన సర్టిఫికెట్లు ఒక్కొక్కటే పట్టుకుని పేరూ, తండ్రి పేరూ, ఊరూ పైకి చదివి వినిపించింది. రమ్య "అబ్బ! మంచిగ చదువుతానవ్" అంటూ ఫోను పట్టుకుని పక్కనే కూచుంది. ఫోను టిక్కుమన్నప్పుడల్లా తన చదువును మెచ్చుకుంటున్నట్టే అనిపించింది సమ్మమ్మకు. చివర్లో రమ్య లాస్య వైపు తిరిగి "జర నవ్వు తల్లీ" అంది.

ఇంటికి చేరేసరికి దీప గడపలో ఉంది. బట్టల షోరూము వాళ్లిచ్చిన మెరూన్ చీర, మెడలో గుర్తింపు కార్డు. ఆమె వచ్చేది వెనక గల్లీ నుంచి. స్తంభాన్ని చూసి ఉండదు.

"ఇయ్యాల పెండ్లిబట్టల పార్టీ ఉన్నది పెద్దమ్మా. జర లేటయితది."

సమ్మమ్మ నోరు తెరిచింది. లాస్య అప్పటికే లోపలికి ఉరికి, పూడ్చేసిన మగ్గం గుంత మీద పరిచిన జంపఖానాలో పొర్లుతోంది.

"మంచిది బిడ్డా. పో" అంది.

ముందు ఆ బొమ్మ దించాలి, తర్వాత చెప్పాలి అనుకుంది. చెప్పకుండా ఉండడానికి మనిషికి ఏదో ఒక సాకు దొరుకుతుంది.

పక్కింటి చిలుకమ్మను కేకేసింది. "జర పిల్లల్ని చూడు. చిన్నదానికి పాలు పట్టిన. లేస్తే తొట్టెల ఊపు. రిత్విక్ గాడు సబ్బు నాకుతాండు, పైన పెట్టు."

"యాడికే గింత కోపంగ? ఎవల్నన్న కొట్టబోతానవా?"

"కొడితే పోయేదైతే కొడుదును."

బడి ఆఫీసులో ఏసీ చల్లగా ఉంది. కరస్పాండెంట్ హరికృష్ణ మర్యాదస్తుడు. లేచి నిలబడ్డాడు, కుర్చీ చూపించాడు, నీళ్లు తెమ్మని కేక వేశాడు. సమ్మమ్మ కూర్చోలేదు.

"ఆ పిల్ల మీ బళ్లె చేరలే. చేర్పిస్తమని తల్లి చెప్పలే, నేను చెప్పలే. ఫొటో ఎట్ల కట్టినవ్ సారూ?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగి ఏదో నొక్కాడు. "లాస్య... ఇదిగో, అడ్మిషన్ ఓకే అయినట్టు ఉందమ్మా. ఆధార్, బర్త్ సర్టిఫికెట్, మీ ఇంటి అడ్రసు, అన్నీ సిస్టమ్‌లో ఉన్నాయి. కాయితాలు ఇచ్చింది మీరే కదా?"

"ఇయ్యలే. చూపిచ్చిన."

"చూపిస్తే ఇచ్చినట్టే కదమ్మా."

"మా ఇంట్ల పొయ్యి చూపిస్తే నువ్వొచ్చి వండుకుంటవా?"

ఆయన నవ్వాడు. ఆ నవ్వులో కోపం లేదు. కోపమన్నా ఉంటే బాగుండేది. "మంచికే కదా. ఊరంతా చూస్తున్నారు పిల్లను. పైసలు పెట్టినా రాదు ఇంత పబ్లిసిటీ."

"పబ్లిసిటీ వద్దనే కదా ఆ పిల్ల మా ఇంట్ల ఉంటాంది!"

అన్నాక నాలుక కరుచుకుంది. హరికృష్ణ కుర్చీలో ముందుకు జరిగాడు. "ఎందుకట? ఇంట్లో ఏమన్నా గొడవలా?"

ఈ మనిషికి ఏం చెప్పినా అది కూడా ఆ కంప్యూటరు పెట్టెలోకే పోతుంది.

"వాళ్ల అమ్మను రమ్మనండి. వచ్చి రాసిస్తే తీసేద్దాం" అన్నాడు ఆయన. ఫోను మోగింది. మాట అయిపోయింది.

వరండాలో రమ్య కరపత్రాల కట్ట పట్టుకుని గోడకు అంటుకుపోయినట్టు నిలబడి ఉంది.

"అవ్వా... టార్గెట్ నిండకుంటే జూన్ల రావద్దన్నరు. నీ ఇంట్ల పిల్లల్ని గూడ లెక్కల రాసిన. ఫ్లెక్సీ కొడ్తరని నాకు తెల్వదు, మా అమ్మ మీద ఒట్టు."

"నీ ఒట్టు నాకెందుకు? తియ్. నీ ఫోన్లకెల్లి నా కండ్ల ముంగట తియ్."

రమ్య వేలితో ఒక్కొక్కటే తీసేసింది. లాస్య కాయితం, రిత్విక్ కాయితం, ఇంకా బారసాల మురిపెం తీరని ఉయ్యాల పిల్ల కాయితం. ప్రతి దాన్నీ సమ్మమ్మ పేరు చదివి మరీ పోనిచ్చింది.

"ఇంకెక్కడున్నయ్?"

"టీచర్ల గ్రూపుల పెట్టిన. అందరి ఫోన్లకు పోయినయ్ అవ్వా. ఇగ నా చేతుల లేదు."

నూకలు ఒలికితే చేటలోకి ఎత్తుకోవచ్చు. వీటిని ఎక్కడని ఎత్తుతుంది? రమ్యను చెంపమీద కొట్టాలన్నంత కోపం వచ్చింది. రమ్య చెప్పు తెగి ఉంది, దానికి పిన్నీసు పెట్టుకుంది. సమ్మమ్మ కళ్లు దాని మీద పడ్డాయి. అది చూసినందుకు కూడా కోపమే వచ్చింది.

కూరగాయల బండివాడి దగ్గర కొడవలి అడిగి తీసుకుంది. కరెంటు స్తంభం దగ్గరికి వచ్చి, రాజమల్లు దగ్గరి పాల ట్రేలు ఒకదాని మీద ఒకటి పేర్చుకుని ఎక్కింది. చీర కుచ్చిళ్లు నడుములో దోపుకుని తాడు కోస్తుంటే కుర్రకారు పోగయింది.

"ఏ పార్టీ అవ్వా నీది? ఎదుటి పార్టోళ్ల ఫ్లెక్సీయా?"

"పోరగాండ్ల పార్టీ! మీ అసొంటోళ్లకు మెంబర్షిప్ లేదు, జరుగుండ్రి."

"కేసయితది అవ్వా, బడోళ్లు పైసలున్నోళ్లు."

"కానియ్. స్టేషన్ల గూడ ఇదే చెప్త."

తాడు తెగి లాస్య మొహం మడతలు పడుతూ ఆమె మీదికే జారింది. కిందికి దిగి ముందు ఆ నవ్వును కోసింది, తర్వాత పేరును, తర్వాత తండ్రి పేరును. ప్లాస్టిక్ గుడ్డ ఒక పట్టాన తెగలేదు. పళ్లు బిగించి లాగింది.

అక్కడి నుంచి ఆటోలో స్టేషన్ రోడ్డుకు పోయింది. ఒకటి దించగలిగింది. రెండోది రెండు స్తంభాల నడుమ, లారీలు కూడా తగలనంత ఎత్తున ఇనుపతీగతో కట్టి ఉంది. కొడవలి పట్టుకుని దాని కింద నిలబడింది. డోర్నకల్ నుంచి మిర్చి బస్తాలు వేసుకుని మార్కెట్‌కు వచ్చే బండ్లూ, రైలు దిగి వచ్చే జనమూ అంతా దాని కిందినుంచే పోవాలి. లాస్య అందరినీ చూసి నవ్వుతోంది.

సాయంత్రం దీప వచ్చాక చెప్పింది. ఏదీ దాచలేదు. తను కాయితాలు ఎలా చదివిందో, ఎలా పొంగిపోయిందో కూడా చెప్పింది.

దీప అరవలేదు. లాస్యకు చెప్పులు తొడుగుతోంది. కుడి కాలిది ఎడమ కాలికి పెట్టి, తీసి, మళ్లీ సరిగా పెట్టింది.

"నీకు చదువొస్తదని నేను సంబురపడ్డ పెద్దమ్మా" అంది చివరికి. "అక్షరమొచ్చిన మనిషి దగ్గర పిల్ల పదిలంగ ఉంటదనుకున్న."

దానికంటే తిట్టి ఉంటే బాగుండేది. పిల్లను చంకనెత్తుకుని వెళ్లిపోయింది.

ఇక రాదనుకుంది సమ్మమ్మ. మరునాడు పొద్దున్నే దీప మళ్లీ గడపలో ఉంది. కళ్లు వాచి ఉన్నాయి. పెళ్లిళ్ల సీజన్‌లో సెలవు పెడితే మళ్లీ పనికి రానక్కర్లేదని షోరూము వాళ్లు అన్నారట. పిల్లతో పోయి ఉండడానికి ఇంకో చోటు చూస్తోంది, దొరికేదాకా దిక్కులేదు. ఆ మాట గోడకు చెప్పినట్టు చెప్పి, పిల్లను దించి పోయింది. కోపగించుకోవడానికి కూడా తీరిక కావాలి. దీపకు అది కూడా లేదు.

అదే రోజు దీప మధ్యాహ్నం తిండి మానుకుని బడికి పోయి రాసిచ్చింది. సాయంత్రానికి స్తంభం మీద కొత్త ఫ్లెక్సీ లేచింది, ఈసారి అందనంత ఎత్తున. లాస్య మొహం మీద పువ్వు స్టిక్కర్ అంటించారు. పేరూ, తండ్రి పేరూ, ఊరూ అలాగే ఉన్నాయి. సమ్మమ్మ దాని కింద నిలబడి తనకు తెలిసిన తిట్లన్నీ తిట్టింది. తెలియనివి కూడా కొన్ని అప్పటికప్పుడు పుట్టించింది.

ఆ తర్వాతి మధ్యాహ్నం పిల్లలకు అన్నం కలుపుతోంది. మెత్తటి అన్నంలో పప్పు పోసి, వేళ్లతో చిదిమి, రిత్విక్‌కు ఒక ముద్ద, లాస్యకు ఒక ముద్ద. తొట్టెల తాడు కాలి బొటనవేలికి తగిలించుకుని ఊపుతోంది. ఎవరో గొళ్లెం తట్టారు.

సమ్మమ్మ పిల్లలిద్దరినీ లోపలి గదిలోకి పంపి, తలుపు జానెడు తీసింది. తన ఈడు మనిషే. నేత చీర, చేతిలో గుడ్డ సంచి, ఎండకు నల్లబడిన మొహం.

"లాస్య ఉండే ఇల్లు ఇదేనా చెల్లె? బడోళ్లు చెప్పిండ్రు." బడి కరపత్రం చాపింది. దాని వెనక నీలం సిరాతో ఇంటి నంబరూ, గల్లీ పేరూ, సమ్మమ్మ పేరూ ముచ్చటగా రాసి ఉన్నాయి. "పిల్ల నానమ్మనంటే పాపం కూసోవెట్టి, చాయ్ ఇచ్చి రాసిచ్చిండ్రు."

చాయ్ కూడా ఇచ్చారట!

"ఎవల లాస్య? గసొంటి పిల్ల ఈడ లేదు."

"నా పేరు మల్లవ్వ. డోర్నకల్ మాది."

"ఏ ఊరోళ్లయితే నాకేంది? లేదంటాన కదా!"

మల్లవ్వ కదల్లేదు. "పోత చెల్లె. జర మంచినీళ్లు ఇయ్యి. రైలుకెల్లి నోరు ఎండుకపోయింది."

ఎంత పగవాళ్లయినా వాకిట్లో నీళ్లడిగితే లేదనకూడదు. సమ్మమ్మ చెంబు తెచ్చి, గడప దాటనీకుండా అడ్డంగా నిలబడి ఇచ్చింది. మల్లవ్వ మెట్టు మీద కూలబడి ఎడమచేత్తో చెంబు అందుకోబోయింది, ఆ చేయి తిరగలేదు. కుడిచేత్తో తీసుకుంది. ఎడమ మణికట్టు దగ్గర ఎముక వంకరగా అతుక్కుని ఉంది.

"చెయ్యికేమైంది?" అడగకూడదనుకుంటూనే అడిగింది సమ్మమ్మ.

"పడ్డ."

దీప వీపు మీద వాతలు కనబడినప్పుడు ఆమె కూడా మొదట ఆ మాటే చెప్పింది.

మల్లవ్వ నీళ్లు తాగి మూతి తుడుచుకుంది. సంచిలోంచి నువ్వుల ముద్దల పొట్లం సగం తీసింది. అప్పుడే లోపలి నుంచి గొంతు వినిపించింది.

"అమ్మమ్మా! రిత్విక్ గాడు నా ముద్ద తింటాండు!"

మల్లవ్వ చేయి సంచిలోనే ఆగిపోయింది. సమ్మమ్మ రెండు చేతులూ తలుపు రెక్కల మీద వేసింది. నెడితే కరవడానికైనా సిద్ధంగా ఉంది.

"నా మనుమరాలు" అంది గట్టిగా.

"అవునా." మల్లవ్వ తలుపు వైపు చూడలేదు, నేల వైపే చూస్తోంది. "తింటాందా మంచిగ? నెయ్యి ఎయ్యకుంటే ముట్టదు..." ఆగింది. "పిల్లలు గట్లనే ఉంటరు."

సంచిలో ఫోను మోగింది. ఎత్తగానే అవతలి గొంతు గల్లీ అంతా వినబడేంత పెద్దగా ఉంది.

"దొరికిందా? ఇల్లేడ? నేను మూల మీద హోటల్ కాడనే ఉన్న. రావాల్నా?"

హోటలంటే పిలుపంత దూరం. తలుపు వేస్తే ఎంతసేపు ఆగుతుంది, ఆ పాత చెక్క? చిలుకమ్మను పిలవాలి. కొడవలి బండివాడికి తిరిగి ఇచ్చేసింది.

మల్లవ్వ ఆమె వైపు చూసింది. ఆ చూపులో జాలి లేదు, స్నేహం లేదు. చాలాకాలంగా ఒక లెక్క తేలక, ఇప్పుడు తేల్చుకుంటున్న మనిషి చూపు.

"లేదురా" అంది ఫోనులో. "పేరొక్కటే. గా పిల్ల వేరే. ఊకెనే తిప్పిండ్రు బడోళ్లు. రాకు, నేనే వత్తాన. ఎండకు కండ్లు తిరుగుతానయ్, నన్ను రైలుకాడికి తోల్కపో."

అవతల నుంచి ఒక బూతు వినబడింది. ఫోను ఆగిపోయింది.

మల్లవ్వ నెమ్మదిగా లేచింది. కరపత్రం సమ్మమ్మ చేతిలో పెట్టింది. "నాకు సదువు రాదు. ఏం రాసిండ్రో వానికి చెప్పలేను. కానీ వాడు నమ్మడు. రేపు వాడే పోతడు బడికి. వానికి గూడ రాసిస్తరు." నువ్వుల ముద్దల పొట్లం గడప మీద పెట్టబోయి, మళ్లీ సంచిలోనే వేసుకుంది. "వద్దులే. ఎవలిచ్చిండ్రని అడుగుతది."

పిల్లను చూస్తానని అడగలేదు. చూడమని సమ్మమ్మా అనలేదు. ఆ ఒక్క మాట గొంతు దాకా వచ్చింది. తలుపు పట్టుకున్న చేతులు మాత్రం వదల్లేదు. గల్లీ చివర ఆమె మలుపు తిరిగేదాకా అలాగే ఉండిపోయింది.

తర్వాత వచ్చింది కోపం, ఇన్నాళ్లదీ ఒక్కసారిగా. ఏసీ గదిలో కూచున్నవాడు చాయ్ పోసి మరీ పిల్ల జాడ రాసిచ్చాడు. ఎముక విరిగిన ముసలిది అబద్ధమాడి ఆ పిల్లను కాపాడింది. ఇంటికి పోయాక ఆ అబద్ధానికి ఏం దెబ్బలు పడతాయో ఎవరికి తెలుసు? నడుమ తను, పేర్లు చదవడం వచ్చని మురిసిపోయిన తను. కరపత్రం పొయ్యిలో పెట్టింది. అది కాలేదాకా పుల్లతో పొడిచింది.

చిలుకమ్మ ఫోను నుంచి దీపకు చేసింది. "పని పోతే పోనీ బిడ్డా. ఇప్పుడే రా."

దీప వచ్చింది. ఈసారి ఏమీ అడగకుండానే అంతా విన్నది. మల్లవ్వ పేరు వినగానే మాత్రం కళ్లు మూసుకుంది. "అత్తమ్మ" అంది, అంతే. షోరూములో తనతో పనిచేసే ఒకామె చూసిన చోటు ఉందట. అద్దె గది, పిల్లను చూసుకునే మనిషి, రెండూ ఒకే దగ్గర. రేపు పోదామనుకుంది, ఈ రోజే పోతుంది.

సమ్మమ్మ దూలం మీంచి కవరు దించింది. లాస్య కాయితాలు తీసి దీపకు ఇచ్చింది. మిగిలినవి రెండు కట్టలుగా వేరు చేసి, ఆ తల్లులు వస్తే ఇచ్చేయడానికి గూట్లో పెట్టింది. ఖాళీ కవరు మడిచి పారేసింది. లాస్య గౌన్లు ఉతికినవి, ఉతకనివి ఒకే మూటగా కట్టింది.

ఆటో గడప ముందు ఆగింది. లాస్య ఎక్కి కూచుని, పక్కన జాగా చూపించి, "అమ్మమ్మా, రా" అంది.

"నువ్వు పో బంగారం. నాకు చిన్నది నిద్ర లేస్తది."

దీప ఒక కాలు ఆటోలో పెట్టి ఆగింది. కోపం ఇంకా పోలేదు ఆ మొహంలో. కానీ మరేదో కూడా ఉంది. వెనక్కి వచ్చి చెవి దగ్గర, "పెద్దమ్మా, నీకొక్కదానికే చెప్తాన. మేం పోయేది..." అంది.

సమ్మమ్మ అరచేయి దీప నోటికి అడ్డంగా పెట్టింది.

"చెప్పకు. ఎండలపడి ఎవలో వత్తరు, మంచినీళ్లడుగుతరు, నన్ను మెచ్చుకుంటరు. నాకు తెల్వకుంటే నా కాడ ఏముంటది?"

దీప ఆ చేతిని తీసి, ఒక్క క్షణం పట్టుకుని, వదిలేసింది.

ఆటో కదిలింది. గల్లీ చివర కుడికి తిరిగితే ఒక ఊరు, ఎడమకు తిరిగితే ఇంకో ఊరు. ఆటో అక్కడికి చేరకముందే సమ్మమ్మ లోపలికి వచ్చి తలుపు వేసేసింది. ఇంజను చప్పుడు ఎటు పోతుందో చెవిన పడకుండా, పప్పు మాడిన తపేలా ముందేసుకుని, ఇసుకతో కరకరమని గట్టిగా తోమసాగింది. తొట్టెలలో పిల్ల ఉలిక్కిపడి ఏడుపు అందుకుంది. అయినా ఆపలేదు.